రిపోర్టులో ‘పాజిటివ్’ పక్కన ఉండాల్సిన అంకె

వికారాబాద్ జిల్లా బొంరాస్‌పేట వైపు ఊళ్లలో, తండాల్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే ముందు వినిపించే మాట కామెర్లు, ఆ వెంటనే వచ్చే మాట పసరు. ఆదివారం పొద్దున పరగడుపున పోయించుకోవాలి, ఉప్పు కారం లేని పత్యం ఉండాలి అని ఇంటి పెద్దలు చెబుతారు. పసరు తాగినవాళ్లలో చాలామందికి కామెర్లు తగ్గుతాయి కూడా. అందుకే ఆ నమ్మకం ఇంకా నిలబడి ఉంది. అయితే మన దగ్గర ఉన్నట్టుండి వచ్చే కామెర్లకు ఎక్కువగా కారణమయ్యేవి హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఇ వైరస్‌లు. ఇవి కలుషితమైన నీటి ద్వారా వ్యాపిస్తాయి. 2005లో హైదరాబాద్‌లో తాగునీటిలో మురుగు కలిసి వ్యాపించింది హెపటైటిస్-ఇ వైరస్సే. గర్భిణులకు, అప్పటికే కాలేయం చెడినవాళ్లకు ఇది ప్రాణం మీదికి తెస్తుంది. మిగతావాళ్లలో ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. పసరు తాగినా తాగకపోయినా తగ్గేదే.

నేను రాయదలచుకున్నది తగ్గని కామెర్ల గురించి. ఒక మనిషిని ఊహించుకుందాం. ముప్పై అయిదేళ్ల స్త్రీ, మూడు నెలలుగా నీరసంగా ఉంటోంది, కీళ్లు లాగుతున్నాయి, కళ్లు కొద్దిగా పసుపుగా ఉన్నాయి. మద్యం ముట్టదు. హెపటైటిస్-బి, సి పరీక్షలు నెగెటివ్ వచ్చాయి. ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైము మాత్రం ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది. తాండూరులో ఆమెను చూసిన డాక్టరు చీటీ మీద ఏఎన్ఏ (కణకేంద్రకాలకు అంటుకునే యాంటీబాడీల పరీక్ష) అని రాస్తాడు. నాలుగు రోజులకు రిపోర్టులో ‘పాజిటివ్’ అన్న మాట వస్తుంది. ఆ మాటకు ఎంత బరువివ్వాలి? పరిశోధనలు చెప్పేదాన్ని బట్టి చూస్తే, ఆ మాట ఒక్కదానికే ఇవ్వాల్సిన బరువు చాలా తక్కువ. దాని పక్కన ఏ అంకె ఉంది, ఏ పద్ధతిలో చేశారు, అంతకు ముందు ఏమేం తేల్చారు అన్నవి తెలిస్తేనే దానికి అర్థం ఏర్పడుతుంది.

శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ సొంత కాలేయ కణాలనే శత్రువులుగా పొరబడి దాడిచేస్తే దాన్ని ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అంటారు. ఈ జబ్బును 1950లో స్వీడన్ వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రోమ్ వర్ణించాడు. ఆయన చూసినవాళ్లు వయసులో ఉన్న ఆడవాళ్లు, వాళ్ల రక్తంలో గామా గ్లోబ్యులిన్లు విపరీతంగా పెరిగి ఉండేవి. 1956లో మెల్‌బోర్న్‌లో ఇయాన్ మెకే బృందం ఇలాంటి రోగుల రక్తంలో లూపస్ జబ్బులో కనిపించే గుర్తులనే చూసి దీనికి లూపాయిడ్ హెపటైటిస్ అని పేరు పెట్టింది. 1965లో రెండు ముఖ్యమైన యాంటీబాడీలు వెలుగులోకి వచ్చాయి. ఒకటి నున్నని కండరాలకు అంటుకునే ఎస్ఎంఏ, రెండోది మైటోకాండ్రియాకు అంటుకునే ఏఎంఏ. 1973లో కాలేయానికీ మూత్రపిండానికీ అంటుకునే ఎల్‌కేఎం తేలింది. ఇది ఎక్కువగా పిల్లల్లో, వయసుపిల్లల్లో కనిపించే రెండో రకం జబ్బుకు గుర్తు. ఈ జబ్బుపడ్డవాళ్లలో నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లే. నూటికి పాతిక మందిలో ఇది వైరల్ కామెర్లలాగే ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. జబ్బు బయటపడేసరికే దాదాపు మూడోవంతు మందిలో కాలేయం గట్టిపడి సిరోసిస్ దశకు చేరి ఉంటుంది.

ఈ చివరి మాట వల్లే జబ్బును తొందరగా పట్టుకోవాలన్న ఆరాటం. 1970ల మొదట్లో లండన్‌లోనూ అమెరికాలోని మేయో క్లినిక్‌లోనూ జరిగిన ట్రయల్స్‌ నుంచి ఒక సంగతి స్థిరపడింది. జబ్బు తీవ్రంగా ఉండి మందు అందనివాళ్లలో నూటికి నలభై మంది దాకా ఆరు నెలల్లోనే చనిపోయేవారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్‌తో ఆ పరిస్థితి మారింది. మందు చవక, తాండూరు మెడికల్ షాపులో కూడా దొరుకుతుంది. అయితే అంత సులువుగా దొరకడంలోనే ప్రమాదం కూడా ఉంది, దాని గురించి తర్వాత చెబుతాను.

మజ్జిగలో ఉప్పు

యాంటీబాడీ రిపోర్టులో 1:40, 1:80, 1:160 అని ఉండే అంకెను టైటర్ అంటారు. ఉప్పేసిన గ్లాసుడు మజ్జిగను పలచన చేస్తూ పోతామనుకోండి. ప్రతిసారీ నీళ్లు పోసి రెట్టింపు చేస్తాం. ఎక్కడి దాకా నాలుకకు ఉప్పు తెలుస్తుందో అదే దాని టైటర్. ఉప్పు ఎంత ఎక్కువుంటే అన్నిసార్లు పలచన చేసినా ఇంకా తెలుస్తూనే ఉంటుంది. రక్తం నుంచి తీసిన సీరంను కూడా ఇలాగే నలభై రెట్లు, ఎనభై రెట్లు, నూట అరవై రెట్లు పలచన చేసి, యాంటీబాడీ మెరుపు ఎక్కడి దాకా కనిపిస్తోందో చూస్తారు. 1:40 దగ్గరే ఆగిపోయిన మెరుపుకూ 1:640 దాకా సాగిన మెరుపుకూ చాలా తేడా ఉంటుంది. రెండింటినీ ‘పాజిటివ్’ అన్న ఒకే మాటతో రాస్తే ఆ తేడా తుడిచిపెట్టుకుపోతుంది.

ఆ తేడా ఎంతో 1997లో అచ్చయిన ఒక అంతర్జాతీయ అధ్యయనం లెక్కగట్టింది. ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుల రక్తంలో ఏఎన్ఏ చూస్తే 1:40 దగ్గర 31.7 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. 1:80 దగ్గర 13.3 శాతానికి, 1:160 దగ్గర 5 శాతానికి, 1:320 దగ్గర 3.3 శాతానికి తగ్గింది. అంటే తక్కువ టైటర్ దగ్గర నిక్షేపంగా ఉన్న ముగ్గురిలో ఒకరు పాజిటివ్ అన్నమాట.

కొవ్వు పట్టిన కాలేయం ఉన్నవాళ్లలో కూడా ఇది సామాన్యమే. 2011లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో 864 మంది ఫ్యాటీ లివర్ రోగులను పరీక్షిస్తే 21 శాతం మందిలో ఏఎన్ఏ గానీ ఎస్ఎంఏ గానీ రెండూ గానీ కనిపించాయి. అవి ఉన్నంత మాత్రాన వాళ్ల కాలేయ గాయం మిగతావాళ్లకంటే ముదిరి ఏమీ లేదు. షుగరు, పొట్ట చుట్టూ కొవ్వు మన ఊళ్లలో కూడా ఇంటింటి మాట అయిన ఈ రోజుల్లో ఈ లెక్కను గుర్తుపెట్టుకోవాలి. ఎస్‌జీపీటీ కాస్త పెరిగి, ఏఎన్ఏ కాస్త పాజిటివ్ ఉన్న మనిషికి ఉన్నది చాలాసార్లు ఫ్యాటీ లివరే.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూపించాలి, ఈ వ్యాసంలో నా వాదనంతా దాని మీదే నిలబడి ఉంది. లక్నోలోని సంజయ్ గాంధీ సంస్థ వైద్యులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో దీర్ఘకాలిక కాలేయ వ్యాధితో వచ్చినవాళ్లలో నూటికి ఒకరిద్దరిదే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అని తేలింది. అది పెద్దాసుపత్రికి చేరినవాళ్ల లెక్క, ఊరి లెక్క కాదు. అయినా దాన్నే ఉదారంగా తీసుకుందాం. ఎస్‌జీపీటీ పెరిగిన వెయ్యి మందిలో 15 మందికి ఈ జబ్బు ఉందనుకుందాం. పరీక్ష వాళ్లలో 80 శాతం మందిని, అంటే 12 మందిని పట్టుకుంటుందనుకుందాం. మిగిలిన 985 మందిలో 1:40 దగ్గర 31.7 శాతం మందికి ఉత్తపుణ్యానికే పాజిటివ్ వస్తుంది, వాళ్లు 312 మంది. మొత్తం 324 పాజిటివ్‌లలో అసలైనవి 12. అంటే 27 మందిలో ఒక్కరు.

ఇప్పుడు ముందే వడపోద్దాం. వైరస్‌లు లేవని, మద్యం తాగరని, పసరో మాత్రలో వాడలేదని తేలి, నెలల తరబడి ఎస్‌జీపీటీ దిగకుండా, గామా గ్లోబ్యులిన్లలో ముఖ్యమైన ఐజీజీ కూడా పెరిగి ఉన్న వంద మందిని ఎంచుకుందాం. వీళ్లలో 30 మందికి జబ్బు ఉందనుకుంటే పరీక్ష 24 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 70 మందిలో 22 మందికి వృథా పాజిటివ్ వస్తుంది. ఇప్పుడు ఇద్దరు పాజిటివ్‌లలో ఒకరు నిజమైన రోగి. పరీక్ష అదే, కిట్ అదే, 1:40 అన్న గీత కూడా అదే. మారిందల్లా ఎవరిని పరీక్షకు పంపామన్నదే. ఆ 30 అన్నది నేను ఊహించుకున్న అంకె, దాన్ని 20కి దించినా 40కి పెంచినా లెక్క సాగే తీరు మారదు.

ఎలుక కాలేయం, ఎలుక మూత్రపిండం

పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోగి డబ్బు, కాలం ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. అంతర్జాతీయ ఆటోఇమ్యూన్ హెపటైటిస్ గ్రూపు 2004లో చెప్పిన ప్రామాణిక పద్ధతి ఇది. ఎలుక కాలేయం, మూత్రపిండం, జీర్ణాశయం మూడింటినీ పలచటి పొరలుగా కోసి గాజు పలక మీద పెడతారు. దాని మీద రోగి సీరం పోస్తారు. యాంటీబాడీ ఉంటే తనకు సరిపోయిన చోట అంటుకుంటుంది. దాన్ని పట్టి చూపే మెరుపు రసాయనం వేసి ప్రత్యేకమైన మైక్రోస్కోపు కింద చూస్తే ఆకుపచ్చగా వెలుగుతుంది. జీర్ణాశయం కండర పొర, రక్తనాళాల గోడలు వెలిగితే ఎస్ఎంఏ. కాలేయ కణాలూ మూత్రపిండంలోని కొన్ని నాళికలూ వెలిగితే ఎల్‌కేఎం. ఏఎంఏ కూడా మూత్రపిండ నాళికల్లోనే వెలుగుతుంది కానీ వేరే భాగంలో. అనుభవం లేని కన్ను ఈ రెండింటిలో ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడుతుంది. అలా పొరబడితే జబ్బు పేరే మారిపోతుంది, మందూ మారిపోతుంది.

పెద్దలకు 1:40 నుంచి లెక్కలోకి తీసుకోవాలని ఆ గ్రూపు సూచించింది. పిల్లల్లో ఏఎన్ఏ, ఎస్ఎంఏలకు 1:20, ఎల్‌కేఎంకు 1:10 చాలు. పెద్దల గీతతో పిల్లవాడి రిపోర్టు చదివితే నిజమైన జబ్బు తప్పిపోతుంది.

అన్ని ల్యాబుల్లో ఈ పలక ఉండదు. కొన్ని ల్యాబులు మనిషి క్యాన్సర్ కణాల నుంచి పెంచిన హెప్-2 కణాల మీద ఏఎన్ఏ చూస్తాయి, కొన్ని ఎలీసా చేస్తాయి. ఒకదాని అంకె మరొకదానికి సరిపోదు. అన్నిటికంటే ఎక్కువ గందరగోళం చేసేది ‘ప్రొఫైల్’ అన్న మాట. ఏఎన్ఏ ప్రొఫైల్ అని రాస్తే వచ్చేది లూపస్, కీళ్లవాతం లాంటి జబ్బుల గుర్తుల పట్టీ. లివర్ ప్రొఫైల్ బ్లాట్ వేరు. అందులో ఏఎంఏ-ఎం2, ఎల్‌కేఎం-1, ఎల్‌సీ-1, ఎస్ఎల్ఏ లాంటివి ఉంటాయి. వీటిలో ఎస్ఎల్ఏకి ప్రత్యేకమైన విలువుంది. అది కొద్దిమందిలోనే కనిపిస్తుంది గానీ, కనిపించిందంటే ఈ జబ్బు అన్న అనుమానం బాగా బలపడుతుంది. కాకపోతే జబ్బులో ఎక్కువమందికి ఉండేవి ఏఎన్ఏ, ఎస్ఎంఏలు. వాటిని మెరుపు పద్ధతిలో చూడకుండా బ్లాట్ ఒక్కటే చేసి ‘అన్నీ నెగెటివ్, జబ్బు లేదు’ అని రాస్తే ఆ ముగింపు తప్పు.

నెగెటివ్ రిపోర్టుకు ఇంకో లోపం కూడా ఉంది. ఒక్కసారిగా విరుచుకుపడే తీవ్ర దశలో యాంటీబాడీలు ఇంకా తయారై ఉండకపోవచ్చు. ఐజీజీ కూడా అలాంటివాళ్లలో నలుగురిలో ఒకరికైనా మామూలుగానే ఉంటుంది. అనుమానం బలంగా ఉంటే కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయాలి.

తిప్పతీగ సంగతి

యాంటీబాడీ కనిపించింది కదా అని జబ్బు పుట్టుక కూడా తెలిసిపోయిందనుకోవడం ఎంత తొందరపాటో మన కళ్లముందే జరిగిన ఉదాహరణ ఒకటుంది. కోవిడ్ రోజుల్లో రోగనిరోధక శక్తి పెరుగుతుందని దేశమంతా తిప్పతీగ కషాయం తాగింది. పెరట్లో, కంచె మీద పాకే తీగే కాబట్టి మనవాళ్లూ కోసుకుని మరిగించారు. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు. వాళ్ల కాలేయ ముక్కలో, రక్తంలో ఆటోఇమ్యూన్ లక్షణాలు కనిపించాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఖండించింది. వాళ్లు వాడింది అసలు తిప్పతీగేనా, దానిలాగే ఉండే వేరే జాతి తీగా అన్న ప్రశ్న లేవనెత్తింది. ఆ ప్రశ్న అడగదగినదే.

2022లో హైదరాబాద్ ఏఐజీ ఆస్పత్రి వైద్యుడు ఆనంద్ కులకర్ణి ప్రధాన రచయితగా, దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది రోగుల వివరాలతో ఇంకో అధ్యయనం వచ్చింది. వాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లు. తీగ వాడడం మొదలుపెట్టాక లక్షణాలు కనిపించేసరికి మధ్యస్థంగా 46 రోజులు పట్టింది. ఎక్కువగా కనిపించిన యాంటీబాడీ ఏఎన్ఏ. కారణాన్ని తూచే కొలమానం ప్రకారం 67.4 శాతం మందిలో తీగే కారణం కావడానికి గట్టి అవకాశం ఉందని తేల్చారు. తిప్పతీగ ఆటోఇమ్యూన్ లాంటి హెపటైటిస్‌ను పుట్టిస్తున్నట్టుంది, లేదా లోపల నిద్రపోతున్న జబ్బును లేపుతున్నట్టుంది అని రచయితలు రాశారు.

ఈ రెండు అధ్యయనాల హద్దులు కూడా చెప్పాలి. ఇవి జబ్బుపడి ఆస్పత్రికి వచ్చినవాళ్ల నుంచి వెనక్కి వెళ్లి చేసిన పరిశీలనలు. తీగ వాడి ఏమీ కానివాళ్లు ఎందరో వీటిలో కనిపించరు. కాబట్టి ‘తిప్పతీగ తాగితే కాలేయం పోతుంది’ అనడానికి ఇవి చాలవు. ‘కామెర్లు, ఏఎన్ఏ పాజిటివ్ ఉన్న మనిషిని తిప్పతీగ గురించి అడగకుండా వదిలేయకూడదు’ అనడానికి మాత్రం పూర్తిగా చాలు.

మొక్క మందులంటే చిన్నచూపుతో ఈ మాట అనడం లేదు. నేల ఉసిరిని 1988లో మద్రాసు వైద్యులు హెపటైటిస్-బి మీద ప్రయోగించి, మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలోని వైరస్ గుర్తు పోయిందని లాన్సెట్ పత్రికలో రాశారు. ప్రపంచమంతా ఆశగా చూసింది. తర్వాత వేరేచోట్ల చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం రాలేదు. మొక్కనైనా మాత్రనైనా తూచాల్సిన తక్కెడ ఒక్కటే. డాక్టర్లు రాసే మందుల్లోనూ ఇలాంటి గాయం చేసేవి ఉన్నాయి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు ఇచ్చే నైట్రోఫ్యురాంటోయిన్, మొటిమలకు వాడే మినోసైక్లిన్, గర్భిణుల బీపీకి ఇచ్చే మిథైల్‌డోపా యాంటీబాడీలతో సహా అచ్చం ఈ జబ్బులాగే కనిపించే గాయం చేయగలవు. క్షయ మందులు వేరే దారిలో కాలేయాన్ని దెబ్బతీస్తాయి.

ఈ తేడా తేలడానికి రోగి చెప్పే మాటే ఆధారం. ఇంటికి వచ్చే ఆశ కార్యకర్త “అక్కా, ఏమన్న పసరు తాగినవా, తిప్పతీగ గిట్ల వాడినవా?” అని మెల్లగా అడిగితే వచ్చే జవాబు, పెద్దాసుపత్రిలో డాక్టరు గద్దించి అడిగితే రాదు. మందు వల్ల వచ్చిన గాయమైతే ఆ మందు ఆపితే తగ్గే అవకాశం ఎక్కువ, కొంతకాలం స్టీరాయిడ్ ఇవ్వాల్సి వచ్చినా చాలామందికి తర్వాత ఆపేయొచ్చు. నిజమైన ఆటోఇమ్యూన్ జబ్బయితే మందు ఏళ్ల తరబడి వాడాలి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మీద ఒక మనిషి ఏళ్ల జీవితం ఆధారపడి ఉంది.

ఎనిమిది మార్కులు

యాంటీబాడీకి ఎంత విలువివ్వాలో 2008లో వచ్చిన సరళమైన మార్కుల పట్టిక చెబుతుంది. మొత్తం ఎనిమిది మార్కులు. ఏఎన్ఏ గానీ ఎస్ఎంఏ గానీ 1:40 ఉంటే ఒక మార్కు. 1:80 లేదా అంతకంటే ఎక్కువుంటే, లేదా ఎల్‌కేఎం 1:40 ఉంటే, లేదా ఎస్ఎల్ఏ పాజిటివ్ అయితే రెండు మార్కులు. ఎన్ని యాంటీబాడీలు కనిపించినా రెండుకు మించి ఇవ్వరు. ఐజీజీ హద్దు దాటితే ఒకటి, హద్దుకు 1.1 రెట్లు దాటితే రెండు. కాలేయ ముక్క పరీక్ష జబ్బుకు సరిపోయేలా ఉంటే ఒకటి, అచ్చంగా జబ్బులాగే ఉంటే రెండు. వైరల్ హెపటైటిస్ లేదని తేలితే రెండు. ఆరు వస్తే జబ్బు ఉండొచ్చు, ఏడు గానీ ఎనిమిది గానీ వస్తే ఖాయం. ఆరు మార్కుల దగ్గర ఈ పట్టిక నూటికి 88 మంది రోగులను పట్టుకుంది, జబ్బు లేనివాళ్లలో 97 మందిని సరిగ్గానే పక్కన పెట్టింది.

యాంటీబాడీ ఎంత బలంగా ఉన్నా ఎనిమిదిలో రెండే. వైరస్ లేదని చెప్పే పరీక్షకూ అవే రెండు మార్కులు. బొంరాస్‌పేట నుంచి వచ్చిన రోగికి హైదరాబాద్‌లో ఖరీదైన యాంటీబాడీ ప్యానెల్ చేయించి, హెపటైటిస్-ఇ పరీక్ష మరిచిపోతే సగం పని చేసినట్టు కూడా కాదు. ఈ పట్టిక ఉన్నట్టుండి వచ్చే తీవ్ర జబ్బులో, పిల్లల్లో అంత బాగా పనిచేయదు. ఆ సందర్భాల్లో అనుభవమున్న కాలేయ వైద్యుడి తీర్పే ముఖ్యం.

కాలేయ ముక్క పరీక్ష మాట వినగానే చాలా కుటుంబాలు వెనకడుగు వేస్తాయి. సూది గుచ్చితే కాలేయం ఇంకా చెడుతుందన్న భయం. రక్తస్రావం ప్రమాదం ఉన్నది నిజమే గానీ అది అరుదు. అందుకే ముందు ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం చూస్తారు. ఏళ్ల తరబడి మందు మింగాలా వద్దా అన్నది తేల్చే పరీక్ష ఇది, అందుకే దీన్ని దాటవేయకూడదన్నది నా అభిప్రాయం.

ఏఎంఏ కథ వేరు. పిత్తనాళాలను మెల్లగా తినేసే పీబీసీ అనే జబ్బులో ఇది నూటికి 90 నుంచి 95 మందిలో ఉంటుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా పెరిగి ఉంటే చాలాసార్లు కాలేయ ముక్క పరీక్ష అవసరమే రాదు. దాని మందు కూడా స్టీరాయిడ్ కాదు, అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్. దురద ఎక్కువై నిద్రపట్టని నడివయసు స్త్రీకి చర్మం మందులు మార్చి మార్చి రాసే ముందు ఒక్కసారి ఈ పరీక్ష గుర్తుకు రావాలి.

చీటీ మీద రాయాల్సినవి

2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, ఆ ఏడాది వికారాబాద్ జిల్లాలో కలిసిన మండలం బొంరాస్‌పేట. ఇక్కడి రోగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి కొడంగల్‌కో తాండూరుకో, అక్కడి నుంచి హైదరాబాద్‌లోని ఉస్మానియాకో నిమ్స్‌కో వెళ్తుంది. ప్రతి మజిలీకీ ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు మీద పడుతుంది. ప్రతి ఊళ్లోనూ యాంటీబాడీ పరీక్ష పెట్టాలన్న కోరిక మంచిదే అనిపించవచ్చు. పైన వేసిన లెక్క చూశాక నేను దానికి ఒప్పుకోలేను. వడపోత లేకుండా చేస్తే 27 పాజిటివ్‌లలో 26 మంది అనవసరంగా భయపడతారు, కొందరు అనవసరంగా స్టీరాయిడ్ మింగుతారు. ఈ ప్రాంతానికి కావాల్సింది సరిగ్గా వడపోసి పంపడం.

ఆ వడపోతకు కావాల్సినవి చాలావరకు దగ్గర్లోనే దొరుకుతాయి. హెపటైటిస్ వైరస్‌ల పరీక్షలు, షుగరు, పొట్ట స్కానింగ్, వాడిన మందులూ పసర్ల వివరం, రెండు మూడు వారాల ఎడంతో రెండుసార్లు ఎస్‌జీపీటీ ఉంటే చాలు. మామూలు లివర్ ఫంక్షన్ రిపోర్టులోనే చాలామంది చూడని ఆధారం ఒకటుంది. మొత్తం ప్రొటీన్‌లోంచి ఆల్బుమిన్ తీసేస్తే మిగిలేది గ్లోబ్యులిన్. అది బాగా పెరిగి ఉంటే వాల్డెన్‌స్ట్రోమ్ 1950లో చూసిన గుర్తే కావచ్చు. క్షయలోనూ ఇతర దీర్ఘకాల ఇన్‌ఫెక్షన్లలోనూ, ఏ కారణంతో వచ్చిన సిరోసిస్‌లోనూ అది పెరుగుతుంది కాబట్టి ఆధారంగానే చూడాలి, తీర్పుగా కాదు. రెఫరల్ చీటీ మీద ఇవన్నీ రాసి, అడిగే పరీక్షను ‘ఏఎన్ఏ ప్రొఫైల్’ అని కాకుండా ‘ఏఎన్ఏ, ఎస్ఎంఏ, ఎల్‌కేఎం, ఏఎంఏ మెరుపు పద్ధతిలో, టైటర్‌తో, ఐజీజీ’ అని రాస్తే హైదరాబాద్‌లో ఒక తిరుగుడు తగ్గుతుంది.

ఇక ముందు వాయిదా వేసిన స్టీరాయిడ్ ప్రమాదం. రిపోర్టు రాకముందే ‘నీరసం తగ్గుతుంద’ని ప్రెడ్నిసొలోన్ మొదలుపెడితే రెండు నష్టాలు. ఎస్‌జీపీటీ, ఐజీజీ దిగిపోయి, కాలేయ ముక్కలో వాపు చల్లారి అసలు జబ్బేమిటో తేలకుండా పోతుంది. లోపల నక్కి ఉన్న క్షయ గానీ హెపటైటిస్-బి గానీ ఉంటే అది చెలరేగుతుంది. అనంతగిరి కొండ మీద క్షయ రోగుల కోసమే ఆస్పత్రి కట్టుకున్న ప్రాంతం ఇది, ఆ ముప్పు ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పరిస్థితి విషమించి, రక్తం గడ్డకట్టడం మందగించి, మనిషి మగతలోకి జారుతుంటే మాత్రం రిపోర్టుల కోసం ఆగకూడదు, ఆ రోజే హైదరాబాద్ చేరాలి.

రోగ నిర్ధారణ అయ్యాక పెద్దల్లో యాంటీబాడీ టైటర్‌ను పదే పదే చూడాల్సిన పనిలేదు. జబ్బు అదుపులో ఉందో లేదో చెప్పేవి ఎస్‌జీపీటీ, ఐజీజీలే. స్టీరాయిడ్‌తో పాటు ఇచ్చే అజాథయోప్రిన్ వాడుతుంటే తెల్లకణాల లెక్క కూడా చూడాలి. వీటిలో ఐజీజీ తప్ప మిగతావి ఊరికి దగ్గర్లోనే అయిపోతాయి. ఐరోపా మార్గదర్శకాల ప్రకారం కనీసం మూడేళ్లు మందు వాడాలి, అందులోనూ పరీక్షలన్నీ మామూలుగా వచ్చాక రెండేళ్లు గడవాలి, అప్పుడే ఆపే ఆలోచన చేయాలి. ఆపినవాళ్లలో సగానికి పైగా మళ్లీ జబ్బుపడతారు. ఈ వైపు నుంచి ఏటా ముంబై, పుణె పనులకు వలస వెళ్లే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బాగానే ఉంది కదా అని వలసలో మందు ఆగిపోయే ప్రమాదం ఉంది. వెళ్లే ముందు మూడు నెలల మాత్రలు చేతికివ్వడం, మొదటి టైటర్, ఐజీజీ, కాలేయ ముక్క ఫలితం ఒక కాగితం మీద రాసి రోగి దగ్గరే ఉంచడం ఆరోగ్య కేంద్రం చేయగల పనులు. ఆ కాగితం ఉంటే పుణెలో ఆ రోగిని కొత్తగా చూసే డాక్టరు మళ్లీ ఏఎన్ఏ దగ్గర నుంచి మొదలుపెట్టడు.